ఇంటర్నెట్‌లో సరిగ్గా వెతకడం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

డిగ్రీ పిల్లలకి, పోటీ పరీక్షలకి చదివేవాళ్లకి, రిటైరయ్యాక సొంత ఊరి చరిత్ర రాసుకోవాలనుకునే పెద్దవాళ్లకి సెర్చ్ ఇంజిన్ వాడటం నేర్పుతుంటాను. అందరూ దాదాపు ఇవే అడుగుతారు కాబట్టి జవాబులన్నీ ఒకచోట పెట్టాను. వరసగా చదవక్కర్లేదు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి వెళ్లిపోండి.

గూగుల్‌లో కొడితే వచ్చేస్తుంది కదా, ఇందులో నేర్చుకోవడానికి ఏముంది?

సినిమా ఎన్ని గంటలకో, బస్సు ఎప్పుడో తెలుసుకోవడానికైతే నిజంగానే ఏమీ లేదు. పొలం రికార్డు, ఒంట్లో జబ్బు, బ్యాంకులో ఇరుక్కున్న డబ్బు, ఉద్యోగ నోటిఫికేషన్, ఇలాంటి వాటి దగ్గరికొచ్చేసరికి మాత్రం చాలా ఉంది. సెర్చ్ ఇంజిన్ పేజీల్ని వెతికి పెడుతుంది, వాటిలో రాసింది నిజమో కాదో తేల్చదు. 1998లో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ గూగుల్ పెట్టినప్పుడు దాని వెనక ఉన్న ఆలోచన ఇది: ఒక పేజీకి మిగతా పేజీల నుంచి ఎన్ని లింకులున్నాయి, ఆ లింకులిచ్చిన పేజీలకి ఎంత పేరుంది అని చూసి వరస కట్టడం. తర్వాత ఇంకా చాలా లెక్కలు కలిశాయి గానీ, ఎవరో కూర్చుని ప్రతి పేజీ చదివి ఇది నిజం, ఇది అబద్ధం అని ముద్ర వేసే ఏర్పాటు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

నేను అందరికీ మొదట నేర్పే అలవాటు ఒక్కటే. కొట్టే ముందు ఒక్క నిమిషం ఆగి, నాకు కావాల్సిన విషయం ఎవరి దగ్గర ఉంటుంది, వాళ్లు దాన్ని ఏ మాటల్లో రాసి ఉంటారు అని ఆలోచించడం. ఈ పేజీలో చెప్పేదంతా దాదాపు దీని చుట్టూనే తిరుగుతుంది.

ప్రశ్న మొత్తం కొట్టాలా, ముక్కలు ముక్కలుగా కొట్టాలా?

ఇప్పుడు ఎలా కొట్టినా అర్థం చేసుకుంటుంది, దాని గురించి టెన్షన్ వద్దు. చూసుకోవాల్సింది వేరే ఉంది. మీ ప్రశ్నలోనే మీకు కావాల్సిన జవాబు దాక్కుని ఉందా అని.

పచ్చకామెర్ల విషయం తీసుకోండి. ఇంట్లో ఎవరికో కళ్లు పచ్చబడ్డాయి, ఎవరో పసరు మందు బాగా పనిచేస్తుందన్నారు, మీరు "కామెర్లకు పసరు మందు" అని కొట్టారు. ఇంక వచ్చేవన్నీ పసరు మందు గొప్పదనం చెప్పే వీడియోలు, ఆ మందు ఇచ్చేవాళ్ల అడ్రసులు, మాకు తగ్గిందని చెప్పేవాళ్ల మాటలే. తగ్గిందని చెప్పేవాళ్లలో చాలామంది అబద్ధం ఆడటం లేదు కూడా. హెపటైటిస్ ఏ వల్ల వచ్చే కామెర్లు ఎక్కువమందికి కొన్ని వారాల్లో, ఒక్కోసారి కొన్ని నెలల్లో, వాటంతట అవే తగ్గుతాయి. ఆ టైములో ఏ ఆకు పసరు తాగినా తగ్గినట్టే కనిపిస్తుంది. కానీ అదే పచ్చదనం హెపటైటిస్ బీ వల్ల వచ్చి ఉండొచ్చు, పిత్తాశయంలో రాయి నాళానికి అడ్డం పడటం వల్ల వచ్చి ఉండొచ్చు, లివర్ పాడవుతుండటం వల్లా వచ్చి ఉండొచ్చు, అక్కడ వారాలు పోగొట్టుకుంటే ప్రాణం మీదకి వస్తుంది. కాబట్టి "కామెర్లు ఎందుకు వస్తాయి", "కామెర్లు ఏ పరీక్షలు చేయించాలి" అని వెతకండి, ఇంగ్లిష్‌లో జాండిస్ కాజెస్ అని కొట్టి ప్రపంచ ఆరోగ్య సంస్థ పేజీయో, అమెరికా ప్రభుత్వం నడిపే మెడ్‌లైన్‌ప్లస్ పేజీయో తెరవండి. జబ్బు గురించి అడిగితే జబ్బు గురించి చెప్పే పేజీలు వస్తాయి, మందు పేరు ముందే పెట్టి అడిగితే మందు అమ్మేవాళ్లు వస్తారు. చదవడం అయ్యాక డాక్టరు దగ్గరికి వెళ్లడం ఎలాగూ తప్పదు, అయితే ఏం అడగాలో తెలిసి వెళ్తారు.

ఫలానా పథకం దండగేనా, ఫలానా కులం వాళ్లు అలా చేశారా, ఫలానా టీకా ప్రమాదమా అని అడిగే ప్రతి సెర్చ్‌లోనూ ఇదే జరుగుతుంది. తిట్టే మాట పెట్టి వెతికితే తిట్టినవాళ్లే దొరుకుతారు. అప్పుడు ఎదురు మాట పెట్టి ఇంకోసారి వెతకండి, రెండు లిస్టులూ పక్కపక్కన పెట్టి చూడండి. ఈ ఒక్క పని మా పిల్లల చేత చేయిస్తే వాళ్ల ముఖాలే మారిపోతాయి.

తెలుగులో వెతకాలా, ఇంగ్లిష్‌లో వెతకాలా?

రెండిట్లోనూ. అయితే తెలుగులో దొరకలేదు అంటే లేదు అని అనుకోవద్దు. 2000ల మొదట్లో చాలా తెలుగు పత్రికల సైట్లు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తుపట్టే అక్షరాల పద్ధతి) వాడేవి కావు, ఎవరి ఫాంటు వాళ్లదే. ఆనాటి వార్తలు ఎక్కడైనా మిగిలున్నా సెర్చ్‌కి అవి తెలుగు అక్షరాల్లా కనిపించవు. పాత పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత ఆన్‌లైన్ లైబ్రరీలో వేలకొద్దీ ఉన్నాయి గానీ చాలావరకు స్కాన్ చేసిన బొమ్మలు, లోపలి వాక్యాలు వెతికితే దొరకవు. పుస్తకం పేరుతోనో రచయిత పేరుతోనో వెతకాలి, ఆ పేర్లు కూడా చాలాచోట్ల ఇంగ్లిష్ అక్షరాల్లో, ఎవరికి తోచిన స్పెల్లింగులో ఎక్కించారు. రెండు మూడు రకాలుగా రాసి ప్రయత్నించండి.

తెలుగు స్పెల్లింగు కూడా ఒకటి కాదు. ఆసుపత్రి, ఆస్పత్రి, హాస్పిటల్. అనంతపురం, అనంతపూర్. వరంగల్, వరంగల్లు, ఓరుగల్లు. ఒక్కోదానికి ఒక్కో రకం పేజీలు పైకి వస్తాయి.

ఇంకో ప్రమాదం. ఒక విషయం మీద మంచి పేజీలు అసలు లేకపోతే సెర్చ్ ఇంజిన్ చేతులెత్తేయదు, ఉన్న నాసిరకం పేజీలే తెచ్చి పైన పెడుతుంది. మైఖేల్ గొలెబియెవ్‌స్కీ, డానా బాయిడ్ అనే పరిశోధకులు 2018లో దీనికి డేటా వాయిడ్, అంటే సమాచారం లేని ఖాళీ, అని పేరు పెట్టి రాశారు. తెలుగులో వైద్యం, చట్టం, పెట్టుబడులు, ఈ మూడింటిలో ఆ ఖాళీ చాలా ఎక్కువ. అందుకే ఈ మూడింటికి ఇంగ్లిష్‌లో కూడా ఒకసారి చూడకుండా నిర్ణయం తీసుకోవద్దని గట్టిగా చెబుతాను. ఇంగ్లిష్ రాదా, పేజీ తెరిచి బ్రౌజర్‌లోనే తెలుగులోకి అనువాదం నొక్కండి, వాక్యాలు కొంచెం వంకరగా ఉంటాయి గానీ విషయం తెలుస్తుంది.

మా ఊరి చరిత్ర వెతుకుతున్నాను, ఏమీ దొరకడం లేదు.

ఇది నాకు చాలా ఇష్టమైన ప్రశ్న. దొరకకపోవడానికి కారణం తొంభై శాతం పేరు. మీరు ఇప్పటి పేరుతో వెతుకుతున్నారు, రాసినవాళ్లు అప్పటి పేరుతో రాశారు.

మచిలీపట్నం బ్రిటిష్ కాగితాల్లో మసూలిపటం. కాకినాడ కొకనాడ. ఏలూరు ఎల్లోర్. విశాఖపట్నం విజగపటం. విజయవాడ బెజవాడ. కృష్ణా జిల్లా కిస్ట్నా. కడపని సీ, యూ, రెండు డీలు, ఏ, పీ, ఏ, హెచ్ అని రాసేవాళ్లు, 2005 దాకా అధికారికంగా కూడా అదే స్పెల్లింగు. తెలంగాణ వైపు వస్తే కరీంనగర్ జిల్లా 1905కి ముందు ఎలగందల్, నిజామాబాద్ ఇందూరు. 1864 నవంబరు 1న బందరు మీద విరుచుకుపడిన తుపానులో 30 వేల మంది దాకా పోయారు. దాని గురించి మచిలీపట్నం తుపాను అని వెతికితే నాలుగు ముక్కలు దొరుకుతాయి, ఇంగ్లిష్‌లో మసూలిపటం సైక్లోన్ 1864 అని కొడితే ఆనాటి నివేదికల దారి దొరుకుతుంది. 1883లో అచ్చయిన కిస్ట్నా జిల్లా మాన్యువల్ లాంటివి కాపీరైట్ గడువు ఎప్పుడో దాటిపోయినవి, మొత్తం పుస్తకం ఉచితంగా చదవొచ్చు. ఇంపీరియల్ గెజిటీర్ సంపుటాలైతే షికాగో విశ్వవిద్యాలయం వాళ్ల దక్షిణాసియా డిజిటల్ లైబ్రరీలో ఉన్నాయి.

ఊరి పేరుతో రాకపోతే తాలూకా పేరుతో, అదీ కాకపోతే జమీందారీ పేరుతో వెతకండి. చెరువు, గుడి, శాసనం ఉంటే వాటి పేర్లతో వెతకండి. పీహెచ్‌డీ గ్రంథాల కోసం శోధగంగ అనే సైటు చూడండి, మన విశ్వవిద్యాలయాల్లో మన జిల్లాల మీద చేసిన పరిశోధనలు అక్కడ చాలా ఉన్నాయి, వాటి చివర్లో ఉండే ఆధారాల పట్టిక మీకు ఏ సెర్చ్ ఇంజిన్ ఇవ్వలేనంత ఇస్తుంది. నిజాం కాలం నాటి రికార్డుల్లో ఎక్కువ భాగం ఉర్దూ, పర్షియన్‌లలో ఉంటుంది. ఆన్‌లైన్‌లో దొరకనివి తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కి వెళ్లి చూసుకోవాల్సిందే. వెళ్లక తప్పని చోటు ఏదో తెలుసుకోవడం కూడా సెర్చ్‌లో భాగమే.

కొటేషన్ గుర్తులు, మైనస్, ఇవన్నీ నిజంగా అవసరమా?

మూడు చాలు. మాటల్ని డబుల్ కొటేషన్ గుర్తుల మధ్య పెడితే సరిగ్గా ఆ మాటలే, ఆ వరసలోనే ఉన్న పేజీలు చూపిస్తుంది, పాట చరణమో సామెతో సగం గుర్తున్నప్పుడు ఇది బాగా పనికొస్తుంది. మాట ముందు మైనస్ పెడితే ఆ మాట ఉన్న పేజీలు తీసేస్తుంది. కృష్ణ గురించి వెతికితే నది, జిల్లా, దేవుడు, సినిమా హీరో అందరూ కలిసి వస్తారు, అప్పుడు మైనస్ సినిమా అని పెట్టండి, మైనస్‌కీ మాటకీ మధ్య ఖాళీ ఉండకూడదు. మూడోది సైట్. ఇంగ్లిష్‌లో సైట్ అని కొట్టి, కోలన్ పెట్టి, ఖాళీ ఇవ్వకుండా గవ్ డాట్ ఇన్ అని రాస్తే ప్రభుత్వ సైట్లలో మాత్రమే వెతుకుతుంది.

జీవోలు వెతికేవాళ్లకి ఒక మాట. నంబరు ఒక్కటే పెడితే లాభం లేదు, ప్రతి శాఖకీ ఏటా నంబర్లు మళ్లీ ఒకటి నుంచి మొదలవుతాయి. నంబరు, శాఖ, తేదీ మూడూ కావాలి. వాట్సాప్‌లో తిరిగే జీవో కాగితం మీద ఈ మూడూ ఉంటాయి కాబట్టి నిజమైనదో కాదో తేల్చడం కూడా ఇక్కడి నుంచే మొదలుపెట్టండి.

మొదట వచ్చిన లింకే సరైనది కదా?

కాదు. పైన స్పాన్సర్డ్ అని చిన్న అక్షరాలతో ఉంటే అది డబ్బు కట్టి పెట్టిన ప్రకటన. దాని కింద ఉన్నవి కూడా పైకి రావడానికే రాయించినవి కావొచ్చు.

ఎక్కువ నష్టం జరుగుతున్నది కస్టమర్ కేర్ నంబర్ల దగ్గర. యూపీఐలో డబ్బు ఆగిపోతుంది, కంగారులో సెర్చ్‌లో నంబరు వెతుకుతారు, మోసగాళ్లు పెట్టిన నంబరు వస్తుంది, అవతలివాడు మర్యాదగా మాట్లాడి మీ ఫోను తెర తనకి కనిపించేలా చేసే స్క్రీన్ షేరింగ్ యాప్ వేయిస్తాడు, ఖాతా ఖాళీ. నంబరు కోసం సెర్చ్ చేయనే వద్దు. కార్డు వెనక ఉంటుంది, పాస్‌బుక్ మీద ఉంటుంది, యాప్ లోపల సహాయం అనే చోట ఉంటుంది. ఇప్పటికే డబ్బు పోయి ఉంటే ఆలోచించకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

తిరుమల దర్శనం, గదుల బుకింగ్ విషయంలోనూ నకిలీ సైట్లున్నాయని టీటీడీ చాలాసార్లు హెచ్చరించింది. సైటు అడ్రసు చదివేటప్పుడు, మొదట్లో ఉండే హెచ్‌టీటీపీఎస్‌నీ దాని పక్కనున్న రెండు గీతలనీ వదిలేసి, ఆ తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీతకి ముందున్న భాగాన్ని కుడి నుంచి ఎడమకి చదవండి. చివర ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్ ఉండాలి. ఆ మాటలు ముందెక్కడో వచ్చి చివర డాట్ కామ్ అనో డాట్ ఓఆర్‌జీ అనో ఉంటే బయటికొచ్చేయండి.

ఇప్పుడు పైనే ఏఐ జవాబు రాసి ఇస్తోంది. ఇంకా లింకులు ఎందుకు తెరవాలి?

ఆ జవాబు కూడా ఆ లింకుల్లోంచి అల్లిందే కాబట్టి. 2024 మేలో అమెరికాలో గూగుల్ ఈ సారాంశాలు మొదలుపెట్టిన కొత్తలో, పిజ్జా మీద చీజ్ జారిపోకుండా సాసులో జిగురు కలపమని ఒకరికి సలహా ఇచ్చింది. ఎప్పుడో ఎవరో జోకుగా రాసిన మాటని అది నిజమైన చిట్కా అనుకుంది. అప్పటికంటే ఇప్పుడు మెరుగైంది, అయినా తప్పు చెప్పేటప్పుడు కూడా అదే ధీమాతో చెబుతుంది. అసలు చిక్కు అక్కడుంది.

చాట్‌బాట్లతో ఇంకో సమస్య, లేని ఆధారాలు పుట్టించడం. 2023లో న్యూయార్క్‌లో ఒక విమాన సంస్థ మీద నడిచిన కేసులో లాయర్లు చాట్‌జీపీటీ చెప్పిన పాత తీర్పుల్ని కోర్టుకి సమర్పించారు, వాటిలో కొన్ని అసలు ఎప్పుడూ రాని తీర్పులు. జడ్జి 5,000 డాలర్ల జరిమానా వేశారు. వాళ్లు చదువుకున్న లాయర్లు, తెలివి తక్కువవాళ్లు కాదు. తెరిచి చూసే అలవాటు ఆ రోజు లేకపోయింది, అంతే.

నేనైతే ఏఐని వద్దనను. ఏ మాటలతో వెతకాలో తెలియనప్పుడు దాన్ని అడగండి, ఈ విషయాన్ని నిపుణులు ఏమంటారు, ఏ శాఖ చూస్తుంది, పాత పేర్లేంటి అని. మాటలు తెచ్చుకుని మీరే వెతకండి. అంకె, తేదీ, మందు మోతాదు, సెక్షన్ నంబరు, ఈ నాలుగూ మాత్రం మూలం తెరిచి కళ్లతో చూడకుండా వాడొద్దు.

ఒక సైటు నమ్మదగిందో కాదో ఎలా తెలుస్తుంది?

ఆ సైటునే చూస్తూ కూర్చుంటే తెలియదు. 2017లో స్టాన్‌ఫర్డ్‌కి చెందిన శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ ఒక అధ్యయనం చేశారు. చరిత్ర ప్రొఫెసర్లకి, స్టాన్‌ఫర్డ్ విద్యార్థులకి, వార్తల్లో నిజానిజాలు తేల్చడమే పనిగా ఉన్న ఫ్యాక్ట్ చెకర్లకి కొన్ని సైట్లు చూపించి ఏది నమ్మొచ్చో చెప్పమన్నారు. ప్రొఫెసర్లూ విద్యార్థులూ సైటు డిజైను, లోగో, పేరు చూస్తూ అందులోనే కిందకీ పైకీ తిరిగి చాలామంది బోల్తాపడ్డారు. ఫ్యాక్ట్ చెకర్లు మాత్రం రాగానే దాన్ని వదిలేసి పక్కన కొత్త ట్యాబులు తెరిచి, ఈ సంస్థ గురించి బయటివాళ్లు ఏమంటున్నారని వెతికారు. తక్కువ చదివారు, త్వరగా, సరిగ్గా తేల్చారు.

మీరూ అదే చేయండి. సంస్థ పేరు కొట్టి, పక్కన మైనస్ సైట్ కోలన్ పెట్టి ఖాళీ లేకుండా దాని సొంత అడ్రసు రాస్తే ఆ సైటు పక్కకి పోయి ఇతరుల మాటలే వస్తాయి. ఎవరు నడుపుతున్నారు, డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది, ఇంతకుముందు ఏం రాసి దొరికిపోయారు. రెండు నిమిషాల పని.

దొరికింది గానీ అది పాతదేమో అని అనుమానం.

అనుమానం మంచిదే. తెలంగాణలో 2020 అక్టోబరులో భూమి రికార్డుల సైటు ధరణి వచ్చింది, 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూ భారతి వచ్చింది. మ్యుటేషన్ (భూమి రికార్డులో యజమాని పేరు మార్చడం) గురించి వెతికితే ధరణి రోజుల వీడియోలు ఇంకా వస్తూనే ఉంటాయి, వాటిలో చూపించిన బటన్లు ఇప్పుడు ఉండవు. ఆంధ్రలో 2022 నాటి భూ యాజమాన్య హక్కు చట్టాన్ని 2024లో రద్దు చేశారు, కానీ దాని మీద రాసిన పాత వ్యాసాలు చదివి ఇంకా భయపడేవాళ్లున్నారు. టీఎస్‌పీఎస్సీ 2024లో టీజీపీఎస్సీ అయింది, పాత ప్రశ్నపత్రాలకి పాత పేరు, కొత్త నోటిఫికేషన్లకి కొత్త పేరు వాడాలి.

జిల్లా లెక్కలు వెతికేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. తెలంగాణలో 10 జిల్లాలు 2016లో 31, 2019లో 33 అయ్యాయి, ఆంధ్రలో 13 జిల్లాలు 2022 ఏప్రిల్‌లో 26 అయ్యాయి. 2011 జనాభా లెక్కల్లో ఉన్న నల్గొండ, ఇప్పటి నల్గొండ ఒకటి కాదు. రెండిటినీ పక్కపక్కన పెట్టి పోల్చి జనాభా సగమైపోయిందని రాసిన ప్రాజెక్టులు చాలానే దిద్దాను.

సెర్చ్ పేజీలో టూల్స్ అని ఉంటుంది, అక్కడ గడిచిన ఏడాది అని ఎంచుకోండి. ఇంకో సంగతి, పొలం కాగితం పేరు కూడా రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, ఆంధ్రలో అడంగల్, తెలంగాణలో పహాణీ.

ఒకే సంఘటనకి ఒక్కో చోట ఒక్కో అంకె ఉంది. ఏది రాయాలి?

1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెననే తీసుకుంటే, మృతులు సుమారు 10 వేలని ఒకచోట, 14,204 అని ఇంకోచోట, అంతకంటే చాలా ఎక్కువని మరోచోట కనిపిస్తుంది. ఎక్కువమంది రాసిన అంకెని తీసుకోవద్దు, వాళ్లంతా ఒకరి దగ్గర ఒకరు కాపీ కొట్టి ఉండొచ్చు. ఒక్కో అంకె ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, గల్లంతైనవాళ్లని కలిపారా లేదా అని వెనక్కి వెళ్లండి. తేలకపోతే రెండూ రాసి, ఏది ఎవరిదో చెప్పండి. పోయినవాళ్ల లెక్క అది, తోచిన అంకె వేసి ఊరుకోవడానికి లేదు.

ఫోటో నిజమో కాదో?

గూగుల్ లెన్స్‌లో పెట్టండి, అదే ఫోటో ఇంతకుముందు ఎక్కడెక్కడ వచ్చిందో చూపిస్తుంది. వరద వచ్చిన ప్రతిసారీ ఇంకెక్కడివో పాత ఫోటోలు తిరుగుతాయి.

వికీపీడియా వాడొచ్చా?

మొదలుపెట్టడానికి వాడండి, కింద ఉన్న ఆధారాల్లోకి వెళ్లండి, ప్రాజెక్టులో ఆధారంగా వికీపీడియా పేరు కాకుండా మీరు తెరిచి చదివిన మూలం పేరు రాయండి. తెలుగు వికీపీడియా 2003 నుంచీ ఉంది, మన ఊళ్ల పేజీలు చాలా ఉన్నాయి. మీ ఊరి పేజీలో తప్పుంటే ఆధారం పెట్టి మీరే దిద్దొచ్చు.

ఇంకాగ్నిటోలో (హిస్టరీ దాచుకోని బ్రౌజర్ కిటికీలో) వెతికితే అందరికీ ఒకేలా వస్తుందా?

రాదు. మీ ఖాతా ప్రభావం తగ్గుతుంది, మీరున్న చోటు ప్రభావం ఉంటుంది. ముఖ్యమైన విషయమైతే బింగ్, డక్‌డక్‌గో లాంటి వేరే సెర్చ్ ఇంజిన్లలో కూడా ఒకసారి చూడండి.

లింకు తెరిస్తే పేజీ లేదంటోంది.

అడ్రసు కాపీ చేసి వేబ్యాక్ మెషీన్‌లో పెట్టండి. ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్లు 1996 నుంచి పేజీల్ని దాస్తున్నారు. ప్రభుత్వ సైట్ల అడ్రసులు మారిపోయినప్పుడు ఇది ఎన్నోసార్లు ఆదుకుంటుంది. మీకు ముఖ్యమనిపించిన పేజీని మీరే అక్కడ సేవ్ కూడా చేయొచ్చు.

మా అమ్మానాన్నలకి, పిల్లలకి ఇవన్నీ ఎలా నేర్పాలి?

అన్నీ ఒకేసారి చెప్పొద్దు, ఫోను మీరు లాక్కుని వెతికి ఇవ్వొద్దు. వాళ్లకి నిజంగా అవసరం వచ్చిన రోజున పక్కన కూర్చోండి. అమ్మ మైకులో మాట్లాడి వెతుకుతుందనుకోండి, ముందు తను అన్నదే తెర మీద పడిందా లేదా చూసుకోమనండి, తెలుగు పేర్లని అది తరచూ తప్పుగా వింటుంది. తర్వాత ఏ లింకు నొక్కబోతున్నావు, ఎందుకు అని అడగండి, జవాబు చెప్పనివ్వండి. అది ఎవరి సైటో తనే చదివి చెప్పేదాకా ఆగండి. విసుక్కుంటే మాత్రం వాళ్లు ఇంకెప్పుడూ మీ ముందు ఫోను తీయరు, అవతల ఎవరో మర్యాదగా మాట్లాడేవాడు దొరికితే వాడిని అడుగుతారు.

పిల్లలకైతే ఒకే విషయాన్ని ఇద్దరికి ఇచ్చి, ఒకరిని మంచి చెప్పే మాటలతో, ఇంకొకరిని చెడు చెప్పే మాటలతో వెతకమనండి, మొదటి ఐదు లింకులు నోట్‌బుక్‌లో రాయించండి. ఏం కొట్టారు, ఏ తేదీన, ఏ లింకు తెరిచారు, ఈ మూడూ రాసే అలవాటు ఎనిమిదో తరగతిలో పడితే పీహెచ్‌డీ దాకా పనికొస్తుంది. మార్కులు కూడా జవాబుకి సగం, అది ఎక్కడ దొరికిందో చెప్పినందుకు సగం వేయండి.